మూత తీసిన నైవేద్యం

ఆదివారం ఉదయానికి ఉదయ్‌కిరణ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి ఢిల్లీ మయూర్ విహార్‌లోని తమ సొసైటీ పార్కులో వాకింగ్ క్లబ్బు వాళ్ళకు నలభై సీసాల సొరకాయ-పాలకూర జ్యూస్ పంచాలి. వాళ్ళు రోజూ ముప్ఫై సీసాలకు ఒప్పుకుంటే ఘాజియాబాద్ జ్యూస్ కంపెనీలో అతని ఉద్యోగం ఖాయమవుతుంది. లేకపోతే ఆ నెలతో సరి.

ఆ జ్యూస్ సంగతి తండ్రి భీమశంకరం ముందురోజే అడిగి తెలుసుకున్నాడు.

"వేడి చెయ్యకుండా క్రిములెలా చస్తాయిరా?"

"సీసాకు మూత బిగించి, నీళ్ళు నింపిన ఉక్కు పీపాలో పెడతాం నాన్నా. గాలి ఒత్తిడికి ఆరువేల రెట్లు నొక్కితే రోగాలు తెచ్చే క్రిములు చితికిపోతాయి."

"మరి సీసా?"

"అన్ని వైపులా సమానంగా నొక్కితే పగలదు."

"అచ్ఛా. ఈ ఇంట్లో నేనింకా పగల్లేదంటే అదన్నమాట." భీమశంకరం వంటింటి వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "చచ్చిన క్రిములు జ్యూస్‌లోనే ఉంటాయి కదా. అది శాకాహారమేనా?"

"ఆ మాట పార్కులో మాత్రం అడక్కండి."

ఉదయ్ స్నానం చేసి వచ్చేసరికి ఐస్ పెట్టె ఖాళీగా ఉంది. నలభై సీసాలూ దేవుడి ముందు వరసగా నిలబడి ఉన్నాయి. నలభై మూతలూ పళ్ళెంలో కుప్పగా ఉన్నాయి. ఒక్కో సీసాలో ఒక్కో తులసి దళం తేలుతోంది.

"మూతలెవరు తీశారు?"

"నేనే. మొదటి బేరం, దేవుడికి చూపించొద్దూ? మూత బిగించి నైవేద్యం పెడితే ఆయనెలా ఆరగిస్తాడు?"

"మూత పెట్టాకే క్రిముల్ని చంపేది నాన్నా. తీస్తే బయటివి లోపలికి పోతాయి."

"దేవుడి గదిలో క్రిములుంటాయంటావా?" భీమశంకరం నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

తల్లి కమలాకుమారి వంటింట్లోంచి తొంగి చూసింది. "వెంటనే తాగితే ఏమీ కాదు కదరా? బకెట్లో పోసి పట్టుకెళ్ళు. మీ నాన్ననీ తీసుకెళ్ళు, ఇంట్లో ఉంటే ఇంకేం మూతలు తీస్తారో."

పార్కులో క్లబ్బు కార్యదర్శి భాటియా స్టీలు బకెట్‌నూ, తులసి దళాలనూ, భీమశంకరం విభూతి రేఖలనూ చూశాడు. ఏమిటని అడిగాడు.

"ప్రసాద్ హై జీ," అన్నాడు భీమశంకరం. అబద్ధం కాదు మరి.

భాటియా చెప్పులు విడిచి దోసిలి పట్టాడు. వెనక క్లబ్బంతా చెప్పులు విడిచింది. గేటు బయట ఓ ఆటో ఆగింది. ఢిల్లీలో చెప్పులు విడిచిన వరస కనిపిస్తే అది భండారానే, అంటే ఉచిత అన్నదానమే. అక్కడ ఏం పెడుతున్నారని ఎవరూ అడగరు, వరస చివర ఎక్కడని అడుగుతారు. రెండో ఆటో, నాలుగు ఈ-రిక్షాలు, తర్వాత కోచింగ్‌కి పోయే పిల్లల బస్సొకటి ఆగాయి.

"నాన్నా, ఇది క్లబ్బు వాళ్ళకి," ఉదయ్ తండ్రి చెవిలో అన్నాడు.

"ప్రసాదం లేదనకూడదురా." గరిటెడు పోస్తున్న భీమశంకరం అర గరిటెకు దిగాడు, తర్వాత చెంచాకు.

సరిగ్గా అప్పుడే ఉదయ్ కంపెనీ మేనేజరు వైశాలి కారు దిగింది. సీసా లేదు, బ్యానరు లేదు. ఆరువేల రెట్ల ఒత్తిడి పడ్డ సరుకు మూత లేని బకెట్లో ఉంది. ఉదయ్ మనసులోనే రాజీనామా రాసుకున్నాడు.

వైశాలి మాత్రం బకెట్ వైపు చూడలేదు. తాగేవాళ్ళ ముఖాలు చూస్తోంది. ఒక్కొక్కరూ కళ్ళకద్దుకుని, మింగి, తడి చెయ్యి తలకు రాసుకుని వెళ్ళిపోతున్నారు.

"ఉదయ్, ఈ జ్యూస్ తాగి ముఖం చిట్లించని మనిషిని ఇంతవరకూ చూడలేదు. ఇక్కడ రెండొందల మంది ఉన్నారు. ఏం చేశావు?"

"మా నాన్నగారు చేశారు మేడమ్."

అది ఉదయ్ అమ్మే జ్యూసేనని విన్న భాటియా, ఇంతమంది ఇష్టపడే సరుకు తమకు అందకుండా పోతుందేమోనని అక్కడికక్కడే రోజుకు ముప్ఫై సీసాల ఒప్పందం మీద సంతకం చేశాడు. ఉదయ్ ఉద్యోగం ఖాయమైంది.

సోమవారం పొద్దున క్లబ్బు వాళ్ళు మొదటిసారిగా దాన్ని జ్యూస్ అనుకుని తాగారు.