మెడ వంకర కూజాలు

ఆ ఉదయం కుమ్మరి షెడ్డులో పని ఒక్కటే: చల్లారిన బట్టీలోంచి కూజాలు దించి అలమరల్లో సర్దడం. షెడ్డు తోడల్లుళ్ళిద్దరిదీ. సరుకు మీద పేరు గీసే అలవాటు ఇద్దరికీ లేదు. కిటికీ పక్క అలమరలో ఉంటే పెద్దల్లుడిది, తలుపు పక్కన ఉంటే చిన్నల్లుడిది.

చేతివృత్తుల్లోకి కొత్తగా వచ్చినవాళ్ళకిచ్చే గ్రాంటు కోసం చిన్నల్లుడి పని చూడ్డానికి ఆ రోజే ఒక మేడమ్ వస్తోంది. పెద్దల్లుడు సారె ముందు కూర్చుని పాతికేళ్ళయింది. ఇన్నేళ్ళలో అతని పని చూడ్డానికని ఎవరూ ఆ గడప తొక్కలేదు.

"కొత్తవాళ్ళకేనట! పాతబడటం నా తప్పా?" అన్నాడు భార్యతో.

"మా చెల్లెలి మొగుడు బాగుపడితే మీకెందుకండీ కడుపుమంట?"

"నాకా? మంటా?"

"మరి ఆ మట్టిముద్దేం చేసింది, పీక పిసుకుతున్నారు?"

మేడమ్‌ని తీసుకురావడానికి చిన్నల్లుడు బస్టాండుకు వెళ్ళాడు. భార్య ఇంట్లోకి వెళ్ళింది. పెద్దల్లుడు గబగబా తన నున్నటి కూజాలన్నీ తలుపు పక్కకు, చిన్నల్లుడి వంకర మెడల కూజాలన్నీ కిటికీ పక్కకు మార్చేశాడు. ఇంత ఆరితేరిన చెయ్యి కొత్తవాడిదెలా అవుతుందనుకుని మేడమ్ వచ్చిన దారినే పోతుందని అతని లెక్క.

మేడమ్ వచ్చింది. ఏ అలమర ఎవరిదో చిన్నల్లుడు దారిలోనే చెప్పాడు. తలుపు పక్క కూజా ఒకటి తీసి అటూ ఇటూ తిప్పింది.

"భయపడుతూ చేసినట్టుంది. కొత్త కదా, ఇలాగే ఉంటుంది. ఈ అబ్బాయికి సాయం చెయ్యాల్సిందే."

పెద్దల్లుడికి చెమటలు పట్టాయి. "ఆ అంచు చూడండమ్మా! కొత్త చెయ్యి కాదది!"

"తమ్ముణ్ణి బాగానే వెనకేసుకొస్తున్నారే!" అని నవ్వి, ఆమె కిటికీ వైపు తిరిగింది. వంకర కూజాని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. "చెయ్యంటే ఇదీ! మెడ కావాలనే వంచారు కదూ?" అంది పెద్దల్లుడితో.

"లేదండీ... అదే వంగింది."

"ఎంత వినయం!"

అలమరలు చూసిన చిన్నల్లుడికి కళ్ళు చెమ్మగిల్లాయి. తోడల్లుడి చెవిలో గుసగుసలాడాడు. "నాకు గ్రాంటు రావాలని నీ మంచివన్నీ నా అలమరలో పెట్టావా అన్నయ్యా? నా చెత్తంతా నీ నెత్తినేసుకున్నావా?"

"నోరు మూసుకోవయ్యా!"

మంచినీళ్ళు తెచ్చిన భార్య మేడమ్ పొగడ్తలు విని మురిసిపోతోంది. పెద్దల్లుడు ఇప్పుడు నిజం చెబితే, కూజాలు ఎందుకు మార్చాడో కూడా భార్య ముందే చెప్పాలి. మేడమ్ చిన్నల్లుడికి గ్రాంటు ఖాయం చేసింది. వెళ్తూ వెళ్తూ, తమ ఆఫీసు హాలుకు అచ్చం అలాంటి వంకర కూజాలే డజను కావాలంది. పెద్దల్లుడి చేత్తోనే చెయ్యాలట. ఎలా చేస్తాడో కళ్ళారా చూడ్డానికి మళ్ళీ వస్తుందట.

గ్రాంటు డబ్బుతో చిన్నల్లుడు కరెంటు సారె కొన్నాడు. రోజూ పొద్దున్నే దాని ముందు పెద్దల్లుణ్ణి కూర్చోబెట్టి, పక్కన నిలబడి ఓపిగ్గా చెబుతున్నాడు.

"చెయ్యి వదిలెయ్ అన్నయ్యా. మళ్ళీ తిన్నగా వచ్చేస్తోంది చూడు."

వంకర అతనికింకా పట్టుబడలేదు.