బోర్డుకో నోటీసు, నోటీసుకో బోర్డు

ఆ రోజు పొద్దున పరుపుల షాపాయన పెట్టుకున్న పని చాలా చిన్నది. ఊరి చివర కొత్త రోడ్డు మలుపులో ఒక నోటీసు పాతేసి, వచ్చి షాపు తెరవాలి. కొత్త రోడ్డు పడ్డాక బండ్లన్నీ అటే పోతున్నాయి, లోపలి వీధిలో ఉన్న షాపు మొహం చూసేవాడు లేడు. మలుపులో ఒక బోర్డు పడితే తప్ప షాపు బతకదు. మూతపడితే మామగారి సిమెంటు గోడౌనులో గుమాస్తా పని సిద్ధంగా ఉంది. ఆ సంగతి మామగారు కనబడ్డప్పుడల్లా ఎంతో ప్రేమగా గుర్తుచేస్తుంటారు. ఆ ప్రేమంటేనే అల్లుడికి గుండెదడ.

బోర్డు పెట్టాలంటే ప్లానింగ్ ఆఫీసు అనుమతి కావాలి. అనుమతి కావాలంటే, ఇక్కడ ఫలానా బోర్డు పెట్టబోతున్నాం, అభ్యంతరాలుంటే ఆఫీసులో తెలపండి అంటూ అదే చోట ముందుగా ఒక నోటీసు పాతాలి. అర్జీ తేలేదాకా దాన్ని కదపకూడదు. ఇంతవరకూ ఏ చిక్కూ లేదు. చిక్కల్లా ఆ నోటీసు రాసే పని బావమరిదికి అప్పగించడంతో వచ్చింది.

బావమరిది పెయింటరు. ఎత్తైన గోడల మీదా నీళ్ల ట్యాంకుల మీదా రాసి చెయ్యి తిరిగినవాడు. మూరెడు కంటే చిన్న అక్షరం రాయమంటే ఆ తిరిగిన చెయ్యే వణుకుతుంది.

"ఏంటి బామ్మర్దీ, నోటీసు రాయమంటే తలుపు పట్టుకొచ్చావు?"

"తలుపు కాదు బావా, రెండు తలుపులు. ఒకదాంట్లో పట్టలేదు."

"ఆఫీసు అడ్రసేది మరి?"

"చోటు చాల్లేదు. మన షాపు వైపు బాణం గుర్తేశాగా! కావలసినోళ్లు వచ్చి నిన్నే అడుగుతార్లే."

షాపాయన ఏదో అనబోయేలోగా లోపల్నుంచి భార్య గొంతు వినిపించింది. "నిన్నంతా తిండి కూడా మానేసి రాశాడండీ మా తమ్ముడు. వాణ్ణేమన్నా అన్నారంటే ఊరుకోను." ఆయన ఆ రెండు తలుపులూ మోసుకెళ్లి పాతేశాడు.

మధ్యాహ్నానికల్లా ప్లానింగ్ ఆఫీసరమ్మ జీపు దిగింది. ఆవిడకి రూలంటే ప్రాణం. టేపు తీసి అటూ ఇటూ కొలిచింది.

"ఇది నోటీసు కాదండీ. ఈ సైజుంటే రూలు ప్రకారం ప్రకటన బోర్డే. దీనికీ అనుమతి కావాలి."

"అయితే తీసేస్తాను మేడమ్."

"ఎలా తీస్తారు? అర్జీ నడుస్తుంటే నోటీసు కదపకూడదని తెలీదా?"

"మరేం చెయ్యమంటారు?"

"ఈ నోటీసుకి అనుమతి అడుగుతున్నట్టు పక్కనే ఇంకో నోటీసు పెట్టండి. చిన్నది!"

చిన్నది, చిన్నది అని షాపాయన బావమరిది చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. అతను బుద్ధిగా తలూపాడు. కానీ పాత నోటీసు గురించి రాయాలంటే అందులో ఉన్నదంతా మళ్లీ రాయాలి, పైన కొత్త సంగతి చేర్చాలి. రెండోది నాలుగు తలుపులైంది. ఆఫీసరమ్మ కొలిచి, దానికి మూడోది పెట్టమంది.

"ఏవండీ, మన వంటింటి తలుపేది?" అంది భార్య ఆ సాయంత్రం.

"మీ తమ్ముణ్ణే అడుగు," అన్నాడాయన. అన్ని రోజుల్లో ఆయనకి దక్కిన సుఖం అదొక్కటే.

వారం తిరిగేసరికి మలుపులో నోటీసులు బారులు తీరాయి. ఇక్కడ బోర్డు పెట్టడానికి నోటీసు పెట్టాం, ఆ నోటీసు పెద్దదైనందుకు ఈ నోటీసు పెట్టాం, ఇదీ పెద్దదైనందుకు పక్కది చూడండి అని చదువుకుంటూ బండ్లవాళ్లు నత్తనడక నడిచారు. వెనకవాళ్లు హారన్లు మోగించారు. కడుపు మండినవాళ్లు బాణం గుర్తు పట్టుకుని తిన్నగా షాపు మీదికొచ్చారు.

"ఎవరయ్యా లోపల? నాకు అభ్యంతరం ఉంది!" అని గుమ్మంలో అరిచాడు ఒక లారీ డ్రైవరు.

"ఉండాలండీ, తప్పకుండా ఉండాలి. ముందు కాస్త కూర్చోండి," అన్నాడు షాపాయన చేతులు జోడించి. షాపులో ఉన్నవి పరుపులే.

కోపంగా కూర్చున్న డ్రైవరు కాసేపటికి ఒరిగాడు. ఒరిగినవాడు గురక పెట్టాడు. లేచాక అభ్యంతరం ఏమిటో ఎంత తలగోక్కున్నా గుర్తురాక, ఆ పరుపే లారీలో వేసుకుని పోయాడు. అతని వెనక బడి టీచరు, ఆమె వెనక బస్సు దిగిన జనం. చివరి దూది పరుపు నాదంటే నాదని ఇద్దరు అభ్యంతరాలవాళ్లు జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. అల్లుణ్ణి గోడౌనుకి తీసుకుపోదామని వచ్చిన మామగారు డబుల్ పరుపు తీసుకుపోయారు. షాపాయనకి సంతోషంతో కాళ్లు నేల మీద ఆగలేదు.

సరిగ్గా అప్పుడే ఆఫీసరమ్మ నవ్వుతూ వచ్చింది. ఆవిడ నవ్వడం అదే మొదలు.

"మీ అదృష్టం బాగుందండీ. అభ్యంతరాల గడువు ఇవాళ్టితో ఆఖరు, ఆఫీసుకి ఒక్కటి కూడా రాలేదు. రేపు పొద్దున్నే అనుమతి ఇచ్చేస్తాను. నోటీసులన్నీ పీకేసి మీ బోర్డు పెట్టుకోండి."

రూలు ఒప్పుకున్న బోర్డు తలగడంత ఉంటుంది. బండిలో పోయేవాడి కంటికి అది ఆనదు. ఆవిడ వెళ్లగానే షాపాయన పరుపుల మధ్య కూలబడ్డాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నోటీసులు పోతే మన షాపూ పోయినట్టేనే," అన్నాడు.

భార్య ఆలోచించింది. "అభ్యంతరం ఎవరైనా చెప్పచ్చాండీ?"

"ఎవరైనా చెప్పచ్చు."

"ఎవరైనా అంటే మీరూ వస్తారుగా?"

ఆఫీసు తాళం పడేలోగా ఆయన రొప్పుతూ ఆఫీసరమ్మ ముందు నిలబడ్డాడు.

"అభ్యంతరం చెప్పడానికొచ్చాను మేడమ్."

"దేనికి?"

"నా బోర్డుకే."

"మీ బోర్డు మీద మీకేం అభ్యంతరమండీ?"

"ఊరి అందం పాడైపోతుంది మేడమ్. నేను సహించలేను."

ఆవిడ రూలు పుస్తకం ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి తిరగేసింది. సొంత బోర్డు మీద అభ్యంతరం చెప్పకూడదని ఎక్కడా లేదు. రూల్లో లేనిదాన్ని కాదనడం ఆవిడ వల్ల కాదు.

"విచారణ తేలేదాకా ఒక్క నోటీసు కదిపినా ఊరుకోను, జాగ్రత్త!" అంది కఠినంగా.

ఆ ఆఫీసులో విచారణలు ఎంత తొందరగా తేలతాయో బాగా తెలిసినవాడు కాబట్టి, షాపాయన ఆ సాయంత్రమే పక్క షాపు కూడా అద్దెకు తీసుకున్నాడు.