సాపాటు తీర్పు

మణవాళనగర్ సుదర్శనానికి ఆ పేరు ఎవరు పెట్టారో గాని, పేరులో ఉన్న చక్రం కాళ్ళలోకి దిగిపోయింది. మనిషి ఒకచోట నిలవడు. కాఫీ వంటింట్లో మొదలుపెడతాడు, సగం నడవలో తాగుతాడు, గ్లాసు వీధి గోడమీద మరిచిపోతాడు. పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిది ఎండాకాలంలో ఆ ఆదివారం మాత్రం తెల్లవారినప్పటి నుంచీ మరీ గిరగిరా తిరుగుతున్నాడు.

కారణం నాటకం. తిరుత్తణి తెలుగు నాటక సభవాళ్ళు ఆ ఏడు మూడు కొత్త నాటకాలు ఆడించారు. వాటిలో మేలైనదానికి వెండి కిరీటం, దానితోబాటు మద్రాసులో పెద్ద హాలులో ఆడే అవకాశం. తీర్పు చెప్పేది సుదర్శనంతో కలిపి ముగ్గురు. ముగ్గురూ ఒక్కమాట మీదికి రావాలని సభవాళ్ళ షరతు. సాయంత్రమే బహుమతి సభ. ఇంకా ముగ్గురివీ మూడు మాటలే.

కడంబత్తూరులో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరైన శివప్రకాశం గారి ఓటు 'ఘటోత్కచుడి జ్వరా'నికి. పద్యం లేని నాటకం ఆయన దృష్టిలో ఇంజను లేని రైలు. జవుళికొట్టు చౌడప్ప ఓటు 'అద్దె ఇల్లు'కు. అది చూసి ఆయన ఎంత ఏడ్చాడంటే, ఇంటికెళ్ళాక భుజంమీది తువ్వాలు పిండి ఆరేశారు.

మన సుదర్శనం ఓటు 'ఖాళీ కుర్చీ'కి. అది మాడ్రన్ నాటకం. తెర లేస్తే ఒక కుర్చీ. తెర పడేదాకా అదే కుర్చీ. మధ్యలో ఒకాయన వచ్చి "ఎవరు?" అని అడిగి వెళ్ళిపోయాడు. సుదర్శనానికి ఒక్క ముక్క అర్థం కాలేదు. తనకే అర్థం కాలేదంటే అది ఎంత గొప్పదై ఉండాలి!

పొద్దున్నే వంటింటి గడపలో నిలబడి భార్యకు తన పథకం చెప్పాడు.

"ఏమే కాంచనా, వాళ్ళిద్దరినీ ఈ పొద్దు సాపాటుకు పిలిచినా."

కాంచన అతని మేనమామ కూతురే. "పిలిస్తే పిలిచినావులే బావా. వడలూ పాయసమూ చేస్తా."

"చెయ్యి. కానీ పెట్టొద్దు."

ఆమె చేతిలో గరిట ఆగింది. "పెట్టకుండా? వాసన చూపించి పంపేదా?"

"అదే గదా ప్లాను! వడల వాసన తగిల్నాక ఘటోత్కచుడు యాడుంటాడు? ఆకలికి తట్టుకోలేక 'సరి, నీ కుర్చీకే ఇయ్యి' అంటారు. అప్పుడు నేను 'ఎండ జాస్తిగా ఉండాది' అంటా. అదే గుర్తు. ఆలస్యం చేయకుండా బిన్నే ఆకులెయ్యి."

"మూడు నాటకాలూ నేనూ చూసినా. నాకేది నచ్చిందో అడగవా?"

"నీకేం తెలుసు నాటకం సంగతి? నువ్వు వడల సంగతి చూడు."

కాంచన ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడానికి అర్థమేమిటో ఇన్నేళ్ళ కాపురంలో సుదర్శనం నేర్చుకుని ఉండాల్సింది.

ఎండ ముదిరేసరికి అతిథులు వచ్చి తిన్నెమీద కూర్చున్నారు. వాదం అందుకుంది. శివప్రకాశం గారు కళ్ళు మూసుకుని, జ్వరంతో వణికే ఘటోత్కచుడి పద్యం ఎత్తుకున్నారు. రాగం తీసి తీసి ఆయనా వణికారు. పక్కింటి కన్నియమ్మ ఎవరికో చలిజ్వరం వచ్చిందనుకుని మిరియాల కషాయం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"చూసినావా సుదర్శనం? పద్యానికి ఉండే పవరు!" అన్నారాయన, కషాయం తాగేస్తూ.

"పవరంటే 'అద్దె ఇల్లు'దే మామా!" అంటూ చౌడప్ప, ఇంటివాడు సామాన్లు బయట పారేసే ఘట్టం చెప్పబోయాడు. సగం చెప్పేలోపే తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మిగతా సగం తువ్వాలు చెప్పింది.

సుదర్శనం ఇంట్లోంచి కుర్చీ తెచ్చి నడుమ వేశాడు. "గమ్మున దీన్ని చూడండి."

ఇద్దరూ చూశారు.

"ఏంది చూసేది?"

"అదే అన్నా! ఆ శూన్యం! మనిషి లేకపోవడంలో ఉండే మనిషి!"

చౌడప్ప లేచి వెళ్ళి అందులో కూర్చున్నాడు. "తిన్నె కాల్తా ఉండాదప్పా," అన్నాడు. మాడ్రన్ నాటకం అక్కడికి సమాప్తం.

లోపలినుంచి వడల వాసన వచ్చింది. సుదర్శనం లోలోపల మురిసిపోతూ అటూ ఇటూ తిరిగాడు. అంతలో కాంచన గుమ్మంలోకి వచ్చింది.

"మామా, సాంబారులో ఉప్పు సరిపోయిందో లేదో రొంత చూసి చెప్తారా? మా బావ నాలిక కూడా ఒకచోట నిలవదు."

శివప్రకాశం గారు లోపలికి వెళ్ళారు. చాలాసేపటికి మూతి తుడుచుకుంటూ వచ్చారు.

"ఉప్పు చూసేదానికి ఇంతసేపా?"

"నిదానంగా చూస్తేనే గదప్పా తెలిసేది."

తరువాత పాయసంలో తీపి చూడటానికి చౌడప్ప వెళ్ళాడు. సుదర్శనం శివప్రకాశం గారికి శూన్యం గురించి వివరించడంలో పడి, లోపల గిన్నెల చప్పుడు పట్టించుకోలేదు. చౌడప్ప త్రేనుస్తూ తిరిగొచ్చాడు. ఇద్దరూ గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకున్నారు.

"తీర్పుకేం తొందర? సాయంత్రం దాకా మాట్లాడుకుందాం," అన్నారు శివప్రకాశం గారు, కళ్ళు మూతలు పడుతుండగా.

సుదర్శనం కడుపులో పేగులు పద్యాలు పాడుతున్నాయి. అప్పుడు చౌడప్ప మీసానికి అంటుకున్న జీడిపప్పు కనిపించింది. విషయం అర్థమైంది.

"కాంచనా!" కేక పెట్టాడు. "ఎండ జాస్తిగా ఉండాది!"

"ఎండయితే నీడకు రా బావా," అని జవాబొచ్చింది.

నీడకు, అంటే వంటింట్లోకి, వెళ్ళాడు. అక్కడ ఒక ఆకు వేసి ఉంది. ఆకులో ఏమీ లేదు.

"ఇప్పుడు అడుగు," అంది కాంచన.

"ఏమని?"

"నాకేది నచ్చిందని."

అడిగాడు.

"'అద్దె ఇల్లు'," అంది. "చౌడప్పన్న ఏడ్చినచోటంతా మేం ఆడోళ్ళం నవ్వినాం బావా. సామాన్లు పారేస్తా ఉంటే అద్దెకుండే ఆ ముసల్ది ఇంటివోణ్ణి తిట్టే తిట్లుండాయే, మా అవ్వ నోట్లోంచి ఊడిపడినట్లుండాయి. తక్కిన నాటకాల్లో మాట్లాడేది యాడో బెజవాడ తెలుగు. ఇది మన తెలుగు, నడుమ అరవం కలిసిన మన ఇంటి తెలుగు. మన పిల్లకాయలు అరవ బడికి పోతారు, తెలుగు అచ్చరం రాదు. అయినా అర్థం అడక్కుండా నవ్వినారు. నువ్వు కుర్చీని చూస్తా ఉంటివి, నేను వాళ్ళ మొగాల్ని చూస్తా ఉంటి. అది మద్రాసుకు పోవాల."

సుదర్శనం ఆకు ముందు చతికిలబడ్డాడు. అది ఆకలి వల్ల మాత్రమే కాదు.

"శివప్రకాశం మామ ఏమన్నాడు?"

"మూడో వడకే ఒప్పుకున్నాడు. నీతో చెప్పొద్దంటి."

"సరి, నేనూ ఒప్పుకున్నా. పెట్టు తల్లీ!"

సాయంత్రం తిరుత్తణి సభలో తీర్పుకు కారణం చెప్పమని మైకు సుదర్శనానికే ఇచ్చారు. కడుపు నిండితే మాటకు కొరవా? అతను గొంతు సవరించుకున్నాడు.

"సోదరులారా! చాలా ఆలోచించి నేను ఒకటి కనుక్కున్నాను. ఇది మన తెలుగు. నడుమ అరవం కలిసిన మన ఇంటి తెలుగు. మన పిల్లలు అర్థం అడక్కుండా నవ్వారు..."

ముందు వరసలో చాపలమీద కూర్చున్న ఆడవాళ్ళలోంచి ఒక గొంతు లేచింది. "అది కాంచనక్క చెప్పిన మాట గదా!"

"ఔను, మాకూ చెప్పింది!" అని ఇంకో గొంతు.

హాలంతా నవ్వింది. 'అద్దె ఇల్లు' ముసలమ్మ వేషగాడైతే కిరీటం తలమీద పెట్టుకుని మరీ నవ్వాడు. సుదర్శనం మైకు అక్కడే వదిలేసి దిగొచ్చాడు.

"ఊరంతటికీ ఎట్లా తెలిసిందే?" అని గొణిగాడు.

"నాటకం ముగిసిన పొద్దే అందరికీ చెప్పినా," అంది కాంచన, అతనికి చాపమీద చోటిస్తూ. "తెలియాల్సినోళ్ళలో నువ్వొక్కడివే మిగిలింటివి బావా."