ముక్కు వంకరపోయిన యుద్ధనౌక

ఆ ఆదివారం పొద్దున్న అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిన్ కాగానే కాగితపు యుద్ధనౌకకు చివరిగా బూడిద రంగు వేయాలి, మధ్యాహ్నానికల్లా ఆరబెట్టాలి, సాయంత్రం పుట్టినరోజు వేడుకలో దాన్ని మామగారి చేతుల్లో పెట్టాలి. ఇందులో ఎవరి సాయమూ అక్కర్లేదు. సాయం అక్కర్లేని పనికే ఇంటిల్లిపాదీ సాయానికి వస్తారన్న సంగతి ఆ క్షణాన అతనికి గుర్తు రాలేదు.

అతను పళ్ళ డాక్టర్లకు కట్టుడు పళ్ళు తయారుచేసి ఇస్తాడు. నిలకడైన చెయ్యి, నెమ్మదైన మనిషి. మామగారికి మాత్రం ఆ వృత్తి మీద బొత్తిగా గౌరవం లేదు. "దగ్గితే ఊడిపోయే సరుకు" అనేవారు. ఆయన యుద్ధనౌకలో పనిచేసి రిటైరైన మనిషి. ఓడ ముందుభాగాన ఉండే పెద్ద ఫిరంగిని పేల్చింది తానేనని ఆయన చెప్పగా చెప్పగా, వీధిలో అందరూ ఆయన్ని 'ఫిరంగిగారు' అనే పిలిచేవారు. అత్తగారింట్లో భోజనాల దగ్గర ఆ ఫిరంగి పేలని రోజు లేదు. అల్లుడు నోట్లో ముద్ద మింగకుండా వినేవాడు. మధ్యలో నమిలితే మామగారికి కోపం.

అందుకే, ఆయన పనిచేసిన ఓడ తాలూకు నమూనా అట్టలు దొరగ్గానే అల్లుడు ఎగిరి గంతేశాడు. అచ్చువేసిన ముక్కల్ని బ్లేడుతో కోసి, మడతల దగ్గర గీతలు గీసి, జిగురుతో అతికించి, సూది చుట్టూ కాగితం చుట్టి ఫిరంగి గొట్టాలు చేసి, కొన్ని నెలలుగా భోజనాల బల్లలో సగం ఆక్రమించుకున్నాడు. మిగతా సగంలో భార్య సర్దుకుంది.

"మా నాన్న ఒక్కసారి మిమ్మల్ని మెచ్చుకుంటే చాలండీ, నేల మీద కూర్చుని తింటాను" అనేది. పెళ్ళయినప్పటినుంచీ ఆ ఒక్కసారి కోసమే ఇద్దరూ ఎదురుచూస్తున్నారు.

తీరా ఆ పొద్దున్న మూత తీస్తే, సీసాలో రంగు గట్టిపడి రాయిలా ఉంది. సరిగ్గా అప్పుడే బావమరిది వచ్చాడు. పని లేని వాళ్ళలో అంత చురుకైన వాడు మరొకడుండడు.

"రంగే కదా బావా, నేను తెస్తా. ఏం రంగు?"

"బూడిద రంగు. మెరవకూడదు. చిన్న సీసా చాలు."

బావమరిది గోడలకు వేసే రంగు డబ్బా మోసుకొచ్చాడు. దాన్తోపాటు అరచెయ్యంత వెడల్పు బ్రష్షు.

"యుద్ధనౌకకి చిన్న సీసా ఏం సరిపోతుంది బావా? షాపులో వాడు నవ్వాడు."

అల్లుడు ఓర్చుకున్నాడు. రంగు బూడిదదే, మెరుపు లేదు, పలచగా కలుపుకుంటే పనికొస్తుంది. అయితే నీళ్ళ రంగు వేసేముందు కాగితానికి వార్నిష్ పట్టించాలి, లేకపోతే కాగితం తడి తాగేస్తుంది. ఎడమవైపు పట్టించడం అయింది. కుడివైపు మొదలుపెట్టబోతుండగా ఫోన్ మోగింది. పై పళ్ళు నోట్లో పట్టడం లేదని ఎవరో పెద్దావిడ గోల పెడుతోందట. డాక్టరు ఫోన్ వదలడం లేదు. అల్లుడు మేడ మీదకు వెళ్ళి, మైనం గురించీ చిగుళ్ళ గురించీ సుదీర్ఘంగా మాట్లాడి దిగివచ్చేసరికి, బావమరిది చేతులు తుడుచుకుంటున్నాడు.

"అయిపోయింది బావా. రెండు పూతలు వేసేశా."

వార్నిష్ లేని కుడివైపు తడి పీల్చుకుని మెత్తబడి కిందికి వాలింది. ఎడమవైపు బిగుసుకుని దాన్ని లాగింది. ఓడ ముక్కు నెమ్మదిగా పక్కకు తిరగడం, వంటింట్లోంచి వచ్చిన భార్యతో సహా ముగ్గురూ కళ్ళారా చూశారు. పక్కింట్లో ఏదో మాడుతున్న వాసన పసిగట్టినదానిలా ఉందది.

"ఉండండి, ఒక్క క్షణంలో ఆరబెడతాను" అంటూ భార్య జుట్టు ఆరబెట్టుకునే యంత్రం తెచ్చి, వద్దు వద్దంటున్నా స్విచ్చి నొక్కింది. ఫిరంగులింకా అతికించలేదు, సరి చూసుకోవడానికి ఊరికే పెట్టి ఉన్నాయి. ఏ యుద్ధంలోనూ లేనంత వేగంగా అవన్నీ ఒకేసారి ఎగిరిపోయాయి. ఒకటి సోఫా కిందకు, ఒకటి చెప్పుల స్టాండు మీదకు, ఇంకొకటి బావమరిది చొక్కా జేబులోకి.

అల్లుడికి ఏడుపొక్కటే తక్కువ. తనకు ఈ కాగితాల పిచ్చి అంటించిన స్నేహితుడికి ఫోన్ చేశాడు.

"ఏం చెప్పమంటావురా! ముక్కు వంకరపోయింది. కుడిపక్క మొత్తం మెత్తబడి వాలిపోయింది... లేదు, ఇక నిలబడడం కష్టమే... సరిగ్గా మామగారి పుట్టినరోజు నాడే ఇలా జరగాలా? అత్తయ్యగారి మొహం ఎలా చూడాలో తెలీడం లేదు... సాయంత్రం దాకా ఆగితే గొప్ప!"

అదే సమయానికి, సాయంత్రానికి కావలసిన గిన్నెల సంచీతో అత్తగారు గుమ్మంలోకి వచ్చారు. విన్నంతవరకూ విన్నారు. సంచీ అక్కడే కుర్చీలో జారవిడిచి, చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగారు. భర్త షికారుకని బయల్దేరి చాలాసేపయింది. ఆయనకు పక్షవాతం వచ్చిందని అల్లుడికి తెలిసీ తనకు తెలియకుండా దాస్తున్నారన్నమాట! వీధి మలుపు తిరిగేసరికి ఆవిడ పరుగు లంకించుకున్నారు. ఎదురైన ప్రతివాళ్ళనూ "మా ఆయన్ని చూశారా?" అని అడుగుతుంటే, అడిగించుకున్న ప్రతివాళ్ళూ వెంటబడ్డారు. మందుల షాపాయన అంబులెన్సుకు ఫోన్ చేశాడు.

ఫిరంగిగారు మంగలిషాపులో ఉన్నారు. పుట్టినరోజు కదా అని నున్నగా గడ్డం గీయించుకుంటున్నారు. ఒక చెంప అయింది. రెండో చెంప మీద కత్తి ఆడడానికి వీలుగా మంగలి ఆయన మూతిని వేళ్ళతో పట్టి ఓ పక్కకు లాగి ఉంచాడు. తలుపు తోసుకుని వచ్చిన అత్తగారికి కనబడింది ఆ మూతే.

"అయ్యో, మూతి కూడా పోయింది!"

"మూతి పోలేదమ్మా, నేనే లాగాను" అన్నాడు మంగలి. ఎవరూ వినిపించుకోలేదు.

"ఏఁవ్వైందే?" అన్నారు ఫిరంగిగారు నోటినిండా నురగతో.

"మాట కూడా ముద్దగా వస్తోంది!" అంది వెనకున్న గుంపు.

ఆయన కాళ్ళూ చేతులూ విదిలిస్తే, ఫిట్సు కూడా వచ్చిందనుకుని నలుగురు పట్టుకున్నారు. మెడలో తెల్లగుడ్డతో, ఒక చెంప నురగతో ఆయన అంబులెన్సెక్కారు. ఆస్పత్రిలో కుర్రడాక్టరు ఎంతో మర్యాదగా, "ఏదీ, ఒకసారి నవ్వండి సార్" అన్నాడు.

"నవ్వడానికి ఏముందయ్యా ఇక్కడ!" అని ఫిరంగిగారు గర్జించారు.

పేషెంటు నవ్వలేకపోతున్నారని డాక్టరు నర్సుతో మెల్లగా చెప్పాడు. దాంతో ఉన్న పరీక్షలన్నీ మొదలయ్యాయి. ఏ పరీక్షలోనూ ఏమీ తేలలేదు. తేలకపోవడమే ప్రమాదం అన్నారు అత్తగారు. ఇంకో రెండు చేయించారు.

ఇవేమీ తెలియని అల్లుడింట్లో మరమ్మతులు జోరుగా సాగుతున్నాయి. కుర్చీలో సంచీ చూసి, అమ్మ వచ్చి వెళ్ళిందనుకున్నారంతే. అల్లుడు ఓడ పొట్టలో అట్టముక్కలు దోపి కుడివైపును నిలబెట్టాడు. ముక్కు మాత్రం మాట వినలేదు. బావమరిది నేల మీద పాకి ఫిరంగులన్నీ ఏరుకొచ్చి, బావకు శ్రమ తగ్గిద్దామని, క్షణంలో పట్టేసే జిగురుతో వాటిని అతికించేశాడు. అల్లుడు తలెత్తి చూసేసరికి ఫిరంగులన్నీ వెనక్కి తిరిగి, సొంత ఓడ కెప్టెన్ గదికేసి గురిపెట్టి ఉన్నాయి. పీకితే పైకప్పు ఊడివచ్చేలా ఉంది. చివర్లో సోఫా కింద అగ్గిపుల్లంత గొట్టం ఒకటి దొరికింది. ఎక్కడిదో ఎవరికీ తెలియలేదు. నమూనా బొమ్మ చూద్దామంటే, దాని మీద రంగు డబ్బా ఒలికిపోయింది.

"ఎడమవైపు ఖాళీగా ఉంది, అక్కడ పెట్టేయండి" అంది భార్య. పెట్టేశాడు.

చీకటి పడుతుండగా ఇంటి ముందు ఆటో ఆగింది. ఫిరంగిగారు దిగారు. ఒక చెంప అద్దంలా ఉంది, ఇంకో చెంప ముళ్ళకంపలా ఉంది. వెనకే అత్తగారు, కళ్ళు వాచిపోయి.

"నా మూతి వంకరపోయిందని చెప్పిన మహానుభావుడెవడు?"

"ఫోన్లో అన్నది మీరే కదా బాబూ! ముక్కు పోయింది, కుడిపక్క పడిపోయింది అని!" అన్నారు అత్తగారు అల్లుడితో.

అల్లుడికి విషయం అర్థమైంది. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుని, చివరికి ఓడ మీది గుడ్డ తీసి, "ఇదీ... మామయ్యగారూ... ముక్కు దీనిదే" అన్నాడు.

ఫిరంగిగారు వంగి చూశారు. ఆయన చూపు ముక్కు నుంచి ఫిరంగుల మీదికి కదిలింది. అల్లుడి భార్య కళ్ళు మూసుకుంది. తన ఫిరంగి తన కెప్టెన్నే పేల్చడానికి సిద్ధంగా ఉంటే ఏ మనిషి ఊరుకుంటాడు? బావమరిది తలుపు దగ్గరకు జరిగాడు. చూపు ఫిరంగుల్ని దాటిపోయింది. వెనక, ఎడమవైపున ఆగింది. ఆయన మొహం ఎర్రబడింది.

"ఈ గొట్టం ఇటెందుకు పెట్టావయ్యా?"

"ఏ... ఏ గొట్టం మామయ్యగారూ?"

"ఇదిగో, ఇది! వంటింటి పొగగొట్టం! కుడివైపు ఉండాలిది! ఎడమవైపు పెడితే గాలి తిరిగినప్పుడల్లా పొగంతా లోపలికే కొడుతుంది. కళ్ళు మండిపోతే రెండు వందల మందికి ఎలా వండుతానయ్యా నేను? సముద్రం ఊగుతుంటే, మరుగుతున్న గంగాళాన్ని ఒంటి చేత్తో పట్టుకుని..."

అక్కడ ఆగారు. ఆగడం బాగా ఆలస్యమైంది.

కూతురు నెమ్మదిగా అడిగింది. "వండింది మీరా నాన్నా? మరి ఫిరంగి?"

"ఫిరంగి ఉండేది. పెద్దదే" అన్నారాయన కుర్చీలో కూలబడుతూ. "దాన్ని పేల్చేవాళ్ళు నా దగ్గరే తినేవారు." అల్లుడి వంక చూడకుండా, "ఆ గొట్టం ఒక్కటీ తప్పిస్తే అచ్చం మా ఓడే. ఎంత ఓపికయ్యా నీకు!" అన్నారు.

అల్లుడు భార్య వంక చూశాడు. ఆమె కళ్ళనిండా నీళ్ళు. ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన మాట వచ్చింది. "ఫిరంగులు వెనక్కి తిరిగి ఉన్నాయి మామయ్యగారూ, క్షమించాలి" అన్నాడు నిజాయితీ ఆపుకోలేక.

"అవి ఎటు తిరిగి ఉంటాయో నేనెప్పుడు చూశాను? నేనుండేది కింద."

ఆ ఆనందంలో అత్తగారిని ఎవరూ గమనించలేదు. ఆవిడ ఏడుపు ఎప్పుడో ఆగిపోయింది. చీర కొంగుతో మొహం తుడుచుకుని, భర్త ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

"రెండు వందల మందికి వండేవారా?"

"అదీ... ఏదో ఉద్యోగం కాబట్టి..."

"పెళ్ళయినప్పటినుంచీ నీళ్ళు కాచడం కూడా రాదన్నారే! నాకు జ్వరమొచ్చిన రోజున, స్టవ్వు ఎలా వెలిగించాలో తెలీదని పక్కింటావిణ్ణి పిలుచుకొచ్చారే!"

ఫిరంగిగారు అల్లుడి వంక చూశారు. అల్లుడు పొగగొట్టం వంక చూస్తూ ఉండిపోయాడు. ఇలాంటి చోట నమలకుండా, మింగకుండా కూర్చోవడం అతనికి బాగా అలవాటు.

మర్నాటి నుంచి అత్తగారింట్లో వంట ఆయనే చేస్తున్నారు. రుచికి వంక పెట్టేందుకు లేదు కానీ, రెండు వందల మందికి తక్కువ వండడం మాత్రం ఆయనకింకా చేతకాలేదు.