ఒక్క హోమ్ రన్‌కు ఏడు కేకలు

‘ఆలస్యం అమృతం విషం’ అన్న పెద్దమనిషి ఎవరో గానీ, మా వీధిలో కూర్చుని బేస్‌బాల్ చూసి ఉండడు. చూసి ఉంటే ఆ చివరి మాట కొట్టేసేవాడు. ఆలస్యమే అమృతం! ఇందులో విషం చుక్కైనా లేదని నిరూపించడానికే ఈ వారం కలం పట్టాను.

ఇది ఆవేశంలో అంటున్న మాట కాదు. రెండు సాసేజిలు తిని, చేతులు కడుక్కుని, నిదానంగా ఆలోచించి రాస్తున్నాను.

అమెరికాలో ఎరీ సరస్సు ఒడ్డున మాదో ఊరు. మా జట్టు పేరు హెరన్స్, అంటే కొంగలు. ఆ పేరు పెట్టినవాడి నోట్లో పంచదార పొయ్యాలి! ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా ఒంటికాలి మీద జపం చేస్తాయి. ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో నోటిదాకా వచ్చిన చేపను వదిలేస్తాయి. అయినా అవి మా కొంగలు.

ఇదివరకు ఆట చూడాలంటే టీవీ పెడితే సరిపోయేది. ఇప్పుడు అంత మొరటుగా ఎవరూ చూడరు. ఒకరికి కేబుల్, ఒకరికి డిష్, ఒకరికి ఫోనులో ఒక యాప్, ఇంకొకరికి దాన్ని మించిన యాప్. ఆట మాత్రం ఒక్కటే, కానీ ఒక్కో దారిన ఒక్కో వేగంతో నడిచి వస్తుంది. మైదానంలో మావాడు బంతిని కంచె దాటించి హోమ్ రన్ కొట్టాడనుకోండి. ముందు పక్కింటి డ్వైట్ పెటవే అరుస్తాడు. అతనిది కేబుల్. తర్వాత డిష్ పెట్టించుకున్నవాళ్లు. తర్వాత మూలింటి కుర్ర జంట. ఏడో ఇల్లు అరిచే వేళకు మొదట అరిచిన డ్వైట్ గొంతు తడుపుకుని, సోఫాలో కునుకు తీస్తుంటాడు.

ఒక్క హోమ్ రన్‌కు ఏడు కేకలు! ఇంత గిట్టుబాటు ఏ కాలంలో ఉంది చెప్పండి?

పాతకాలం వాళ్ల దరిద్రం తలచుకుంటే నాకు జాలేస్తుంది. మా ఎదురింటి బెర్నీస్ గారు పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో పడుచుపిల్ల. బేకరీ నుంచి రొట్టె పట్టుకుని నడిచి వస్తోందట. ప్రతి కిటికీలోనూ రేడియో, ప్రతి రేడియోలోనూ అదే ఆట. ఒక ఇల్లు దాటేసరికి మాట సగంలో ఆగితే, పక్కింటి కిటికీ మిగతా సగం అందుకునేది. ఎమిల్ స్ట్రాక్ అనే మా పిచర్ ఆఖరి బ్యాటర్‌ను ఆఖరి బంతితో ఇంటికి పంపించాడు. ఊరంతా ఒక్కసారే అరిచింది. ఆ దెబ్బకు సరస్సు మీది పక్షులన్నీ లేచిపోయి, చీకటి పడేదాకా తిరిగి రాలేదట.

ఒక్కటంటే ఒక్క కేక! ఛాంపియన్లయినందుకు! ఎంత పిసినారి కాలం!

డెబ్బై అయిదులో డ్వైట్ పెళ్లి. పాస్టర్ గారు ‘ఈమెను భార్యగా స్వీకరిస్తున్నావా’ అని అడిగిన సరిగ్గా ఆ క్షణాన ఆర్టీ లంబెక్ మూడో బేస్ నుంచి హోమ్ బేస్ దొంగిలించాడు. పిచర్ కళ్లుగప్పి పరిగెత్తడాన్ని మేం దొంగతనం అనే అంటాం, దొంగను భుజాల మీద ఊరేగిస్తాం. చర్చి బయట వీధంతా ఒక్క పెట్టున గొల్లుమంది. ‘వాడు చేస్తాడని నాకు ముందే తెలుసు!’ అన్నాడు డ్వైట్. పాస్టర్ గారు దాన్నే అంగీకారం కింద జమకట్టుకుని పెళ్లి కానిచ్చేశారు. ‘ఈ మనిషి ఇప్పటిదాకా నాకు ఔనని చెప్పలేదు’ అని లొరెయిన్ నేటికీ దెప్పుతూనే ఉంటుంది.

ఇదే పెళ్లి ఈనాడు జరిగితే? పెళ్లికొడుకు వైపు వాళ్లు ఒకసారి, పెళ్లికూతురు వైపు వాళ్లు మరోసారి అరుస్తారు. మధ్యలో ఔనని చెప్పడానికి కావలసినంత తీరిక! లొరెయిన్ జీవితం ఎంత ప్రశాంతంగా గడిచి ఉండేది!

తొంభై మూడు సంగతి చెప్పనా? వద్దులెండి. సరే, చెబుతాను. మా గస్ మరోనీ చేతిలో పడ్డ బంతి. పసిపిల్లాడు కూడా పట్టే బంతి. ఎండ కళ్లలో కొట్టింది, బంతి కాళ్ల దగ్గర పడింది, కప్పు గ్రాంట్‌ఫర్డ్‌వాళ్లు ఎగరేసుకుపోయారు. వీధి మొత్తం ఒక్క ‘అయ్యో’ అంది, అంతే. మర్నాడు ఆడవాళ్లు చావింటికి పట్టుకెళ్లినట్టు ఒకరింటికొకరు వంటలు పట్టుకెళ్లారు. అందరి ఇళ్లలోనూ చావే కాబట్టి, ఎవరి వంట ఎవరు తిన్నారో తెలియలేదు.

ఇప్పుడా బాధ లేదు. ఓడినా వాయిదాల మీద ఓడతాం.

ఇంకో లాభం చెబుతాను వినండి. డ్వైట్ అరిచాక నా తెర మీదికి అదే సంగతి రావడానికి ఒక గుడ్డు అట్టు తిరగేసేంత సమయం పడుతుంది. అంటే భవిష్యత్తు నా గుప్పిట్లో ఉన్నట్టే కదా! మా బావమరిది ఆట చూడ్డానికి వచ్చినప్పుడు, పిచర్ ఇంకా టోపీ సర్దుకుంటుండగానే ‘చూస్తూ ఉండు, ఇది కంచె దాటుతుంది’ అంటాను. దాటుతుంది. నాకు ఆటలో అంత లోతైన పరిజ్ఞానం ఉందని ఆయన నమ్ముతున్నాడు. ఈ మధ్య వాళ్ల అమ్మాయికి ఏ కాలేజీ మంచిదో కూడా నన్నే అడిగాడు.

ఇన్ని లాభాలున్నా, ఒక్కరు మాత్రం ఒప్పుకోలేదు. ఎవరో మీకు తెలిసిపోయే ఉంటుంది. బెర్నీస్ గారు.

ఆమెకు ఇప్పుడు చూపు ఆనదు. ఇన్నేళ్లూ ఆమెది వంటింటి రేడియో. అది అన్నిటికన్నా ముందు పలికేది. కేబుల్ డ్వైట్ కన్నా ముందు, వీధి మొత్తానికీ ముందు, ఆమె కేకే వినబడేది. ఆ కేక విని మేం టీవీల ముందుకు పరిగెత్తేవాళ్లం. కిందటేడు క్లబ్ యజమానులు రేడియో హక్కులు పెరికి తమ యాప్‌లో పెట్టుకున్నారు. ఆ పాత స్టేషన్‌లో ఇప్పుడు పొద్దస్తమానం మోకాళ్ల నొప్పుల మందు గురించి చెబుతున్నారు. మనవరాలు ఒక పలక లాంటి టాబ్లెట్ కొని, యాప్ పెట్టి, వరండాలో కుర్చీ పక్కన ఉంచి వెళ్లింది. అది మా వీధిలోకెల్లా ఆఖరున పలుకుతుంది. ఏడో కేక ఆమెది.

మొదట్లో అరిచేది. తర్వాత చప్పట్లు కొట్టేది. ఆ తర్వాత ఊరుకుంది.

ఈ నెల మొదట్లో నేను వెళ్లి, ఆలస్యం వల్ల కలిగే మేళ్లన్నీ ఓపిగ్గా వివరించాను. అంతా విన్నది.

“మీరంతా తినేసి లేచాక, విస్తట్లో మిగిలిన ఎంగిలి మెతుకులోయ్ నాకొచ్చేవి,” అంది. “నాకింకెన్ని ఆటలున్నాయి గనక? ఒక్కసారి అందరితో పాటు అరిచి పోదామని ఉంది.”

లేచి ఇంటిదారి పట్టాను. వాదనలో ఓడిపోవడం నాకు అలవాటు లేదు, కాబట్టి ఇది ఓటమి కాదని ఇంటికొచ్చేదాకా నాకు నేను చెప్పుకున్నాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం గ్రాంట్‌ఫర్డ్‌తో ఆట. నెగ్గితే ఫైనల్, లేకపోతే ఎప్పటి బతుకే. ముందురోజు లొరెయిన్ వీధివాళ్లందరినీ వంటింట్లో కూర్చోబెట్టి ఒక కట్టుబాటు పెట్టింది. రేపు ఏం జరిగినా ఎవరూ కిక్కురుమనకూడదు. బెర్నీస్ గారి టాబ్లెట్ పలికి, ఆమె అరిచాకే మనం అరవాలి. అందరూ ఒప్పుకున్నారు. డ్వైట్ కూడా ఒప్పుకున్నాడు గానీ, అతని మీద నమ్మకం లేక నోట్లో కుక్కుకోవడానికి ఒక టోపీ ఇచ్చారు.

కిటికీలన్నీ తెరిచి పెట్టాం. తొమ్మిదో ఇన్నింగ్స్. ఒక పరుగు వెనకబడి ఉన్నాం, బేస్ మీద ఒకడున్నాడు, కాబట్టి బంతి కంచె దాటితే రెండు పరుగులు, ఆట మాదే. బ్యాట్ పట్టుకున్నది నెల్సన్ ఒకుమారే. నా తెర మీద అతనింకా చేతులకు మట్టి రాసుకుంటున్నాడు.

కిటికీలోంచి చూద్దును కదా, పక్కింటి పచ్చిక మీద డ్వైట్! నోట్లో టోపీ. ఇచ్చిన మాట తప్పలేదు, చప్పుడు చెయ్యలేదు. కానీ డెబ్బై దాటిన మనిషి ఒంటికాలి మీద గెంతుతున్నాడు. ఆపైన డిష్ వాళ్లు బయటికొచ్చి మూగగా ఒకరినొకరు కుదిపేసుకుంటున్నారు. మూలింటి జంట మెట్ల మీద కావలించుకుని ఏడుస్తున్నారు, అదీ చప్పుడు లేకుండానే. నా తెర మీద కూడా బంతి కంచె దాటింది. నేను దిండు కొరికాను.

అందరం బెర్నీస్ గారి వరండా కేసి చూస్తూ నిలబడ్డాం. టాబ్లెట్‌లో వ్యాఖ్యాత ఇంకా ఎప్పటిదో పాత బంతి గురించి చెబుతున్నాడు.

ఆమె తల పైకెత్తింది. చెవి ఇటు తిప్పింది, అటు తిప్పింది.

“ఏరా డ్వైట్,” అంది, “ఓడిపోయుంటే ఈపాటికి నీ నోట ఎన్ని బూతులు రావాలి? ఇంత నోరు మూసుకున్నావంటే గెలిచాం కదరా!”

 బదులు చెబుదామంటే డ్వైట్ నోట్లో టోపీ ఉంది.

అంతే, కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడి ఒక్క కేక పెట్టింది. యాప్ కన్నా ముందు, ఎప్పటిలాగే అందరికన్నా ముందు. ఆ వెంటనే మేమంతా! ఎన్నాళ్లయిందండీ వీధి మొత్తం ఒక్కసారిగా అరిచి! పక్షులు లేచాయో లేదో చూడలేదు. నాకు కళ్లు మసకబారి ఉన్నాయి. మేమంతా ఆమె చుట్టూ నడివీధిలో చేరాక, వరండాలో ఖాళీ కుర్చీ పక్కన టాబ్లెట్‌లో వ్యాఖ్యాత గొంతు చించుకోవడం మొదలుపెట్టాడు. పాపం, ఎవరూ వినలేదు.

క్లబ్ యజమానులకు నా విన్నపం. అయ్యా, ఈ ఆలస్యాన్ని తీసెయ్యకండి. ఎందుకంటారా, నిన్న ఫైనల్ రోజున మేం మా కేబుళ్లూ డిష్‌లూ ఆపేసి, బెర్నీస్ గారి వరండా మెట్ల మీదే కూర్చున్నాం, ఆ ఆఖరి టాబ్లెట్ చుట్టూ. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మావాళ్లు ఒక పరుగు ముందున్నారు. అంతలో పక్క వీధి నుంచి పెద్ద ‘అయ్యో’ వినబడింది. దాని వెనకే ఇంకో వీధి నుంచి మరొకటి.

మాలో ఎవరూ దాన్ని విన్నట్టు కనబడలేదు. బెర్నీస్ గారు లొరెయిన్ చెయ్యి పట్టుకుంది. డ్వైట్ సాసేజిలు పంచాడు. ఊరంతా ఓడిపోయాక కూడా, ఆ కాసేపూ, ఆ మెట్ల మీద మేమింకా గెలుస్తూనే ఉన్నాం.