నిమ్మకాయ పిండిన తువ్వాళ్ళు

సోమవారం పొద్దున్న తమ్ముడు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి పొగపొయ్యి వెలిగించాలి, పదకొండుకల్లా మాంసం మెత్తబడాలి, ఈలోగా బావగారి కంట పడకూడదు. మొదటి రెండూ అతనికి చేతనైన పనులే.

బావగారిది లాండ్రీ. అదే ఇంటి వెనకవాటాలో తమ్ముడిది బర్గర్ల కొట్టు. ఆరు బల్లలు, మాంసం మగ్గబెట్టే పొగపొయ్యి ఒకటి, గోడమీద సుద్దతో రాసిన పదకొండు రకాల బర్గర్లు. అనాసపండు చెక్క పెట్టింది ఒకటి, కొరికితే గుడ్డుసొన మోచేతిదాకా కారేది ఒకటి, అందులో ఏం వేశాడో తనకే గుర్తులేనిది ఒకటి. రుచికి వంక పెట్టడానికి లేదు, తినేవాళ్ళే కరువు. ఆ వాటా కూడా అక్క కాళ్ళావేళ్ళా పడి మొగుడిచేత ఇప్పించిందే.

ఆదివారం మధ్యాహ్నం బావగారు పిలిచి చెప్పారు. "చూడు బావమరిదీ, నాది తెల్లబట్టల వ్యాపారం, నీది నల్లపొగ వ్యాపారం. నీ పొగ మీద ఇప్పటికి రెండు ఫిర్యాదులొచ్చాయి. మూడోది వచ్చిందంటే ఆ సాయంత్రానికే వాటా ఖాళీ చెయ్యాలి." ఆయన అరిచి ఉంటే తమ్ముడు భయపడేవాడు కాదు. నవ్వుతూ అన్నారు, అందుకే రాత్రంతా నిద్ర పట్టలేదు.

అందుకని పొద్దున్నే పొయ్యి వెలిగించి, పొగగొట్టాన్ని లాండ్రీ కిటికీ వైపునుంచి పెరటివైపుకి తిప్పేశాడు. బుద్ధిమంతుడు చేసే పనే. కాకపోతే పెరట్లో తీగలమీద ఏం ఆరేశారో ఒకసారి తలెత్తి చూస్తే ఇంకా బుద్ధిగా ఉండేది.

ముప్పై తెల్ల తువ్వాళ్ళు! పక్క వీధిలో బరువు తగ్గించే కేంద్రం వాళ్ళవి. అక్కడ చెమటోడ్చేవాళ్ళు మొహం తుడుచుకోవడానికి తొమ్మిదిన్నరకల్లా అందించాలి.

ఎనిమిదింటికి అక్క పెరట్లోకి వచ్చి, ఒక తువ్వాలు ముక్కు దగ్గర పెట్టుకుని కెవ్వుమంది.

"ఒరేయ్! ఇది తువ్వాలేనట్రా? కాల్చిన కోడితొడలా ఉంది!"

"మళ్ళీ ఉతికేద్దాం అక్కా."

"దేంట్లో ఉతుకుతావు, నా తలకాయలోనా? మిషన్ల నిండా ఆస్పత్రి దుప్పట్లున్నాయి. అవయ్యేసరికి పన్నెండు. మీ బావ చూశారంటే నీ పని సరి, ఆ తర్వాత నా పని సరి."

అక్క కళ్ళలో నీళ్ళు చూసేసరికి తమ్ముడికి ప్రాణం ఉసూరుమంది. "నువ్వేం కంగారుపడకు. వాసన సంగతి నాకొదిలెయ్. నేను వంటవాణ్ణి" అన్నాడు.

కొంప ములిగింది అక్కడే. వంటవాడికి తెలిసిన మందులన్నీ వంటింట్లోనే ఉంటాయి మరి. నిమ్మకాయ ఎంతటి నీచువాసననైనా విరిచేస్తుందని డజను కాయలు పిండి తువ్వాళ్ళమీద చిలకరించాడు. పొగ ఇంకా తెలుస్తోందని వెనిగర్ పట్టించాడు. ఉప్పు వాసనని పీల్చేస్తుందని ఎవరో చెప్పగా విన్నాడు, ఉప్పునీళ్ళు జల్లాడు. చివరికి పరిమళంగా ఉంటుందని గుప్పెడు పుదీనా నలిపి రుద్దాడు.

అక్క మళ్ళీ వాసన చూసింది.

"ఇందాక ఒట్టి పొగవాసనే ఉండేది. ఇప్పుడు ఉప్పూ పులుపూ కూడా సరిగ్గా కుదిరాయి" అంది.

తమ్ముడు కూడా ముక్కు పెట్టి చూశాడు. కడుపు గుర్రుమంది. "నిజం చెప్పాలంటే అక్కా, కాస్త మిరియాలు పడాలి."

"చంపేస్తాను."

ఇంక చేసేదేమీ లేక అక్క గబగబా ఇస్త్రీ చేసింది. ఇస్త్రీపెట్టె వేడి తగిలేసరికి ఆ వాసన గడప దాటి, రోడ్డు దాటి, ఎదురింటి కుక్కని వెంటబెట్టుకొచ్చింది. అది లాండ్రీ మెట్టుమీద కూర్చుని తోక ఆడించసాగింది.

తొమ్మిదింబావుకి బావగారు స్కూటర్ దిగారు. అదృష్టం ఏమిటంటే ఆయనకి మూడు రోజులుగా జలుబు. అత్తరుకీ కిరసనాయిలుకీ తేడా తెలియని స్థితిలో ఉన్నారు. తువ్వాళ్ళ మూట వెనక సీటుకి కట్టుకుని బయల్దేరితే కుక్క స్కూటర్ వెనకే పరుగెత్తింది.

"చూశావటే, నోరులేని జీవానికున్న అభిమానం నీకు లేదు" అని భార్యని దెప్పి మరీ వెళ్ళారు.

పదిన్నరకి లాండ్రీలో ఫోన్ మోగింది. అప్పటికి తిరిగొచ్చిన బావగారే ఎత్తారు. అవతల బరువు తగ్గించే కేంద్రం మాస్టారు. "మీ తువ్వాళ్ళ సంగతి మాట్లాడాలండీ. ఫోన్లో తేలేది కాదు, నేనే వస్తున్నా. మావాళ్ళు కూడా ఆగేలా లేరు" అని పెట్టేశారు.

బావగారు ఒక తువ్వాలు కూడా వాసన చూడకుండానే విషయం కనిపెట్టేశారు. వెనకవాటాలోకి వచ్చి, "మూడోది" అన్నారు.

తమ్ముడు తల వంచుకున్నాడు. ఈ కొట్టు పోతే అతనికి వేరే కొట్టు లేదు, ఇంకొకరి కొట్టులో ఉల్లిపాయలు తరగడమే. "పొయ్యి ఇంకా వేడిగా ఉంది బావగారూ. చల్లారాక ఎత్తేస్తాను."

"మీరు మనిషేనా అసలు? వాడెక్కడికి పోతాడండీ?" అంది అక్క.

"చల్లారేదాకా ఉండమనే అంటున్నాగా!" అని బావగారు విసవిసా వీధిలోకి నడిచారు.

వీధి మలుపులో మాస్టారు కనిపించారు. ఆయన వెనక ముప్పైమంది, చెమటబట్టలతో, భుజాన తువ్వాళ్ళతో. అందరికంటే ముందు కుక్క. బావగారు చేతులు జోడించి, "మాస్టారూ, నా తప్పేం లేదండీ, అదుగో ఆ వెనకవాటాలో వాడు..." అని వేలు చూపించారో లేదో, జనమంతా ఆయన్ని దాటుకుని ఆ వైపే దూసుకుపోయారు.

తమ్ముడు గరిటె అడ్డం పెట్టుకున్నాడు. ముందున్న పెద్దావిడ తువ్వాలు అతని మొహానికి ఆనించి, "నాయనా, ఈ వాసన ఏ వంటకానిది? అది ఉందా, అయిపోయిందా?" అంది.

"ఉందండీ. ఇంకో పావుగంటలో దింపుతాను."

"నాకు రెండు. నలభై రోజులుగా కీరదోసకాయలు తిని బతుకుతున్నాను."

ఆరు బల్లలూ నిండి, మెట్లు నిండి, ఆస్పత్రి దుప్పట్ల బుట్టలమీద కూడా కూర్చున్నారు. తమ్ముడు బర్గర్లు అందిస్తూనే మాస్టారిని గమనిస్తున్నాడు. ఎందుకంటే ఆయన ఇంకా తువ్వాళ్ళ మాట ఎత్తలేదు. బావగారు ఆయన్ని వదలకుండా నిలబడి, "మీరు గట్టిగా ఒక్కమాట తిట్టండి. ఇవాళే ఖాళీ చేయిస్తాను" అంటున్నారు.

మాస్టారు బర్గర్ ఆఖరి ముక్క నమిలి, మూతి తుడుచుకుని, బావగారిని గోడవారకి లాక్కెళ్ళారు.

"మీతో చెప్పుకోవడానికి సిగ్గేముంది? వీళ్ళంతా నెలాఖరుకి సన్నబడి మానేసేవాళ్ళు. నేను ఎంత బాగా నేర్పితే అంత తొందరగా వెళ్ళిపోతారు, అదీ నా ఖర్మ. ఇందాక మెట్లమీద కూర్చుని, ఈ తిన్నది కరిగించాలని ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు మళ్ళీ పేర్లు రాయించుకున్నారు. ఇకనుంచి నా బట్టలన్నీ మీకే. ప్రతి సోమవారం అచ్చం ఇలాగే ఉతకండి."

బావగారు వారానికి ఎన్ని బట్టలవుతాయో వేళ్ళమీద లెక్కపెట్టుకున్నారు. తర్వాత వచ్చి తమ్ముడి పక్కన నిలబడి, చీదుకుని, గొంతు సవరించుకున్నారు.

"చూడు, నేనన్నది మనసులో పెట్టుకోకు. రేపు వెళ్ళి ఇంకో నాలుగు బల్లలు తెచ్చుకో" అన్నారు. తమ్ముడు ఆయన చేతులు పట్టుకుని భోరుమన్నాడు. బావగారు పొగవల్లనని చెప్పి తన కళ్ళూ తుడుచుకున్నారు.

ఆ వారం మొదలు ఆ వీధిలో సన్నబడడానికి వెళ్ళేవాళ్ళకీ, లావవడానికి వచ్చేవాళ్ళకీ తువ్వాలు ఒక్కటే.