కంప్యూటర్‌కి పోస్టుమార్టం

"నేరస్థుడు ఏడు సముద్రాల అవతల నక్కినా, వాడి అడుగుజాడలు ఈ పెట్టెలోనే ఉంటాయి. వాటిని చదవగల కళ్లు ఈ ఊరు మొత్తానికి రెండే. ఆ రెండూ నావే," అని ప్రకటించాడు భూతద్దం, పళ్ల డాక్టరుగారి రిసెప్షన్ కంప్యూటర్ నెత్తిన చెయ్యివేసి.

పక్కనున్న వదిన నిట్టూర్చింది. ఆమె అక్కడ రిసెప్షనిస్టు, అతను ఆమె సొంత మరిది. వృత్తి జిరాక్స్ మిషన్ల రిపేరు, ప్రవృత్తి అపరాధ పరిశోధన, అందుకే ఊరు పెట్టిన పేరు భూతద్దం. ఇన్నేళ్లలో అతను పట్టుకున్న దొంగ ఒక్కడూ లేడు గానీ, అతన్నే దొంగనుకుని పట్టుకున్నవాళ్లు ముగ్గురున్నారు.

వారం రోజులుగా ఆమె లోపలి గదిలో భోజనం చేసొచ్చేసరికి అపాయింట్‌మెంట్లు మాయమై, వాటి చోట అర్థంలేని అక్షరాలు బారులు తీరుతున్నాయి. ఆ పొద్దున నలుగురు ఒకే వేళకి వచ్చి, బుగ్గలు పట్టుకునే పోట్లాడుకున్నారు. సాయంత్రంలోగా కారణం తేలకపోతే రేపటినుంచి రానక్కర్లేదని డాక్టరుగారు చెప్పేశారు. ఇష్టపడి చేస్తున్న ఉద్యోగం, ఆమె గుండెల్లో రాయి పడింది. దిక్కుతోచక మరిదికి ఫోన్ చేసింది. ఆ తప్పు మాత్రం ఆమెదే.

దర్యాప్తుకి రెండు దారులున్నాయని భూతద్దం గంటసేపు ఉపన్యసించాడు. నడుస్తున్న కంప్యూటర్‌ని నడుస్తుండగానే గమనిస్తే అది నాడి చూడటం. కరెంటు పీకి, డిస్కుకి నకలు తీసి వెతికితే అది పోస్టుమార్టం. ఆపితే కొన్ని ఆనవాళ్లు చెరిగిపోతాయి, ఆపకపోతే మిగిలినవి దొంగే చెరిపేస్తాడు.

"ఏదో ఒకటి తేల్చవయ్యా. ఒంటిగంట దాటింది," అంది వదిన.

"పోస్టుమార్టమే వదినా. గుండె రాయి చేసుకోండి." బల్ల కింద దూరి ప్లగ్గు పీకాడు.

పక్కనున్న టేబుల్ ఫ్యాను ఆగింది. కంప్యూటర్ నిక్షేపంగా వెలుగుతోంది. భూతద్దం చెమట తుడుచుకుంటూ గోడవారనున్న సోఫాలో కూలబడ్డాడు.

తెరమీద మూడున్నర గంటల అపాయింట్‌మెంట్ మాయమైంది. అతను ఉలిక్కిపడి లేచాడు, అంతా ఆగింది. హ్యాకర్ తమని చూస్తున్నాడంటూ మళ్లీ సోఫాలోకి ఒదిగాడు, నాలుగు గంటలదీ పోయింది.

వదిన అతన్ని రెక్కపట్టి లేపి, సోఫా మెత్త ఎత్తి చూసింది. కింద, కిందటి వారం కనిపించకుండా పోయిన వైర్‌లేని కీబోర్డు. కొత్తది కొన్నారు గానీ, పాతదాని సంకేతాలు అందుకునే రిసీవర్ బుడిపెని కంప్యూటర్ వెనకనుంచి ఎవరూ తీయలేదు.

రోజూ భోజనమయ్యాక ఆ సోఫాలో కునుకు తీసేది ఈ క్లినిక్కులో ఒకే ఒక్కరు. ఆయనే అప్పుడు చంకలో చిన్న దిండుతో బయటికొచ్చారు. కీబోర్డుని చూశారు, సోఫాని చూశారు, దిండుని మెల్లగా వీపు వెనక్కి చేర్చారు.

"నేరస్థుడు నేరం చేసిన చోటికే తిరిగొస్తాడని నాకు మొదటినుంచీ తెలుసు," అన్నాడు భూతద్దం గంభీరంగా.

వదినకి వారం రోజుల బరువు ఒక్కసారిగా దిగిపోయింది. నవ్వు ఆపుకుంటూ అడిగింది.

"రేపు ఎన్నింటికి రమ్మంటారు సార్?"

"రోజూ వచ్చే వేళకే రండమ్మా," అన్నారు డాక్టరుగారు నేల చూస్తూ. "ముందా ఫ్యాను ప్లగ్గు పెట్టించండి. ఇవాళ్టికి పళ్లు పీకే కుర్చీలోనే పడుకుంటాను."